ఒకే రిడిమ్, ఎన్నో గొంతులు: మొదట ఏది వినాలి?

జమైకా సంగీతమైన రెగే కొత్తగా వింటున్నామని చెప్పగానే ఎవరో ఒకరు ఉత్సాహంగా ఓ పాటల జాబితా పంపుతారు. ఇరవై పాటలు, ఇరవై మంది గాయకులు, అడుగున నడిచే సంగీతం మాత్రం ఇరవైటికీ ఒకటే. మూడో పాటకు అనుమానం, అయిదో పాటకు విసుగు. ఏడో పాట వచ్చేసరికి ఫోను పక్కన పెట్టేస్తారు. ఇందులో వినేవాళ్ల లోపమేమీ లేదు. జాబితా పేర్చినవారికి ఆ పాటలన్నీ ఇష్టం కాబట్టి అన్నీ కుమ్మరించారు. ఒక రిడిమ్ రుచి తెలియడానికి మూడు నాలుగు పాటలు చాలు. అయితే ఆ మూడు నాలుగూ ఒకదానికొకటి వీలైనంత దూరంగా ఉండాలి. ఏ రిడిమ్‌తో మొదలుపెట్టాలి, దాని మీద వచ్చిన పాటల్లో ఏవి తీసుకోవాలి, ఏవి ప్రస్తుతానికి వదిలేయాలి అన్నదే ఇక్కడ చెప్పదలుచుకున్నది.

ముందుగా రిడిమ్ అంటే ఏమిటో చూద్దాం. మన ఊళ్లలో సినిమా పాట వరసలో భజన పాట కడతారు. అక్కడ వరస నిలుస్తుంది, మాటలు మారతాయి. జమైకాలో జరిగేది దాదాపు తలకిందుల వ్యవహారం. అక్కడ నిలిచేది వాయిద్యం: బేస్ గిటారు తిప్పి తిప్పి పలికే ఒక చిన్న వరుస, డ్రమ్ముల నడక, వాటి నడుమ ఎదురు దెబ్బ కొట్టే గిటారో ఆర్గనో. వీటన్నిటినీ కలిపి రిడిమ్ అంటారు. దాని మీద పాట వరస మారవచ్చు, మాటలు మారవచ్చు, పాడే మనిషి మారవచ్చు. ఒకరు ప్రార్థన పాడినచోట మరొకరు ప్రేమ పాట పాడతారు, ఇంకొకరు పోలీసులను తిడతారు. వినేవాళ్లు మాత్రం బేస్ మొదలైన రెండు క్షణాల్లోనే ఇది ఫలానా రిడిమ్ అని గుర్తుపడతారు.

ఈ పద్ధతి పుట్టుకలో ఒక పొరపాటు పాత్ర ఉందని చెబుతారు. 1968 ప్రాంతంలో జమైకాలోని స్పానిష్ టౌన్‌లో సౌండ్ సిస్టమ్ (పెద్ద స్పీకర్లతో జనం ఆడటానికి రికార్డులు వేసే ఏర్పాటు) నడిపే రడీ రెడ్‌వుడ్ కోసం నిర్మాత డ్యూక్ రీడ్ స్టూడియోలో ఒక రికార్డు కోశారు, అంటే టేపులోని పాటను పళ్లెం మీదికి ఎక్కించారు. పారగాన్స్ బృందం పాడిన పాట అది. కోసేటప్పుడు ఇంజనీరు గొంతు ట్రాకును కలపడం మరిచిపోయాడు. రెడ్‌వుడ్ ఆ గొంతులేని రికార్డును ఆ రాత్రి ఆటలో వేస్తే జనమే పాట అందుకున్నారు. అప్పటి నుంచి సింగిల్ రికార్డు రెండో వైపు గొంతు తీసేసిన రూపాన్ని వేయడం ఆనవాయితీ అయింది. దాన్ని వెర్షన్ అన్నారు. 1970లో యూ రాయ్ అలాంటి పాత రిడిమ్‌ల మీద మైకు పట్టి మాటలు అల్లి వరుసగా విజయాలు కొట్టాక, గొంతులేని టేపు నిర్మాతలకు కొత్త పెట్టుబడి అక్కర్లేని ఆస్తిగా కనిపించింది. వాయిద్యకారులకు కూలి ఒకసారి ఇస్తే చాలు, పాటలు ఎన్నయినా పుడతాయి. జమైకాకు ఆధునికమైన కాపీరైట్ చట్టం వచ్చింది 1993లో. అప్పటిదాకా ఎవరి రిడిమ్‌ను ఎవరు వాయించుకున్నా అడిగే నాథుడు లేడు. ఈ సంగీతపు సంపద అంతా ఒక పక్క ఆ స్వేచ్ఛ వల్ల వచ్చింది, మరో పక్క వాయించినవాళ్లకు జరిగిన అన్యాయం వల్ల కూడా వచ్చింది. పాత రికార్డులు వినేవాళ్లు ఈ రెండో సంగతిని తీరిగ్గా మరిచిపోతుంటారు.

మరో చిన్న వివరం కూడా ముందే తెలిస్తే తికమక ఉండదు. జమైకాలో డీజే అంటే రికార్డులు వేసే మనిషి కాదు. రిడిమ్ మీద లయగా మాటలు చెప్పే మనిషి. రికార్డులు వేసేవాడు సెలెక్టర్. కాబట్టి డీజే పాట అని నేను రాసినచోటల్లా సగం మాటగా, సగం పాటగా సాగే గొంతును ఊహించుకోండి.

ఏ రిడిమ్‌తో మొదలు?

నా ఓటు సాట్టాకు. పూర్తి పేరు సాట్టా మసగానా. మిగతా మూడు నాలుగు రిడిమ్‌లను కూడా కింద పోల్చి చూపిస్తాను, మీ చెవి అలవాటును బట్టి మీరు వేరే దారి పట్టవచ్చు. కానీ మొదటిసారి వినేవాళ్లకు సాట్టా ఇచ్చే ఖాళీ జాగా ఇంకే రిడిమ్ ఇవ్వదు. నెమ్మదైన నడక, దిగులుగా తోచే మైనర్ స్వరం. బేస్ కొన్ని స్వరాలు పలికి ఆగుతుంది, మళ్లీ పలుకుతుంది. ఆ విరామాల్లో గాయకుడు ఏం చేస్తాడన్నదే అసలు వినోదం. గుక్కతిప్పుకోనివ్వని రిడిమ్ మీద అందరూ ఒకేలా పరుగెత్తుతారు. ఇలా ఆగి ఆగి నడిచే రిడిమ్ మీద ఎవరి స్వభావం వారిది బయటపడుతుంది.

దీని కథ కూడా వినదగ్గది. అబిసీనియన్స్ అనే ముగ్గురి బృందం 1969లో కింగ్‌స్టన్‌లోని స్టూడియో వన్‌లో ఈ పాట రికార్డు చేసింది. బెర్నార్డ్ కాలిన్స్, అన్నదమ్ములు డొనాల్డ్ మానింగ్, లిన్‌ఫర్డ్ మానింగ్ ఆ ముగ్గురు. బేస్ వాయించింది లిరాయ్ సిబుల్స్. ఈయన పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. మానింగ్‌ల మరో సోదరుడు కార్ల్‌టన్ అంతకు ముందే పాడిన హ్యాపీ ల్యాండ్ అనే పాట నీడ దీని మీద ఉంది. చీకటన్నదే లేని దూరదేశం గురించిన పాట ఇది. జమైకాలో పుట్టిన రాస్తఫారీ మతాన్ని నమ్మేవాళ్ల దృష్టిలో ఆ దేశం ఇథియోపియా. అందుకే పాటలో కొంత భాగం అమ్హారిక్ భాషలో ఉంటుంది. స్టూడియో యజమాని కాక్సన్ డాడ్‌కు ఇది అమ్ముడుపోయే సరుకుగా కనిపించలేదు. రెండేళ్లు టేపు బీరువాలోనే ఉంది. 1971లో కాలిన్స్ 90 పౌండ్లు చెల్లించి ఆ టేపు కొనుక్కుని, బృందం సొంత లేబుల్ క్లించ్ మీద విడుదల చేశాడు. పాట జనంలోకి దూసుకుపోయింది. అప్పుడు డాడ్ కూడా మేలుకుని తన దగ్గరున్న సంగీతంతో వాయిద్య రూపాలు, డీజే రూపాలు అమ్ముకోవడం మొదలుపెట్టాడు. వ్యాపారి అంచనా తప్పినందుకు చెల్లించిన పరిహారం అనుకోవాలా, దానిమీద కూడా లాభం తీసుకున్నాడనుకోవాలా అన్నది మీ ఇష్టం.

ఇప్పుడు ఏ సాట్టా వినాలో చూద్దాం.

మొదటిది మూలమే, అందులో బేరం లేదు. అయితే ఇక్కడొక చిక్కుంది. అబిసీనియన్స్ ఇదే పాటను 1976లో తమ ఆల్బమ్ కోసం మళ్లీ రికార్డు చేశారు. క్లైవ్ హంట్ పర్యవేక్షణలో తయారైన ఆ ఆల్బమ్ చాలా బాగుంటుంది. ధ్వని శుభ్రంగా ఉంటుంది, వాయిద్యాలన్నీ విడివిడిగా వినిపిస్తాయి. 1993లో అమెరికాకు చెందిన హార్ట్‌బీట్ సంస్థ మళ్లీ తెచ్చింది కూడా దీన్నే. దాంతో ఇంటర్నెట్‌లో పేరు వెతికితే ముందు దొరికేది ఎక్కువగా ఈ రెండో రికార్డింగే. చాలామంది దీన్నే మూలమనుకుని వింటుంటారు. రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే నేను 1969 నాటిదే తీసుకుంటాను. దాని ధ్వని కాస్త మసకగా ఉంటుంది, నిజమే. కానీ ఆ ముగ్గురి గొంతులూ ఒకే గదిలో భుజాలు ఆనించుకుని పాడుతున్నట్టు ఉంటుంది. 1976 రూపంలో వాళ్లకు తమ పాట గొప్పదని తెలుసు. 1969లో ఇంకా తెలియదు. ఆ తేడా గొంతులో వినిపిస్తుంది. మీ స్పీకర్లు మంచివై, పాత రికార్డుల ధ్వని మీకు చిరాకు తెప్పించేట్టయితే మాత్రం 1976తో మొదలుపెట్టడంలో తప్పులేదు.

రెండోది దీనికి పూర్తిగా ఎదురు మొగాన ఉండాలి. అందుకే పీటర్ టాష్. బాబ్ మార్లేతో కలిసి వైలర్స్ బృందంలో ఉండగానే, 1970ల తొలి ఏళ్లలో, నిర్మాత జో గిబ్స్ కోసం ఆయన చేసిన హియర్ కమ్స్ ద జడ్జ్ ఈ రిడిమ్ మీదే సాగుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది: గిబ్స్ దగ్గర స్టూడియో వన్ టేపు లేదు. ఆయన తన వాళ్లతో అదే రిడిమ్‌ను కొత్తగా వాయింపజేశాడు. అబిసీనియన్స్ స్వర్గంలాంటి దేశాన్ని పాడుకున్న చోట టాష్ ఒక న్యాయస్థానం తెరిచాడు. తానే న్యాయమూర్తి. బోనులో క్రిస్టఫర్ కొలంబస్, ఫ్రాన్సిస్ డ్రేక్, వాస్కోడగామా వంటివారు. ఆఫ్రికాను దోచినందుకు, మనుషులను బానిసలుగా పట్టుకుపోయినందుకు ఒక్కొక్క అభియోగమూ చదువుతాడు. చివరికి నాలుకతో ఉరి వేయమని తీర్పు చెబుతాడు. 1498లో కాలికట్ చేరిన నావికుడిగా మనం బడిలో చదువుకున్న వాస్కోడగామాను బోనులో నిలబెట్టిన పాట మన చెవికి మరికాస్త దగ్గరగా తగులుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఇందులో పాడటం చాలా తక్కువ. పాడని మనిషి కింద కూడా ఆ బేస్ అలాగే, తొణక్కుండా నడుస్తుంది. ప్రార్థనకు సరిపోయిన రిడిమ్ విచారణకు కూడా సరిపోవడం విన్నాక ఈ పద్ధతి మొత్తం మీద గౌరవం కలుగుతుంది.

మూడోది డీజే పాట. ఇక్కడ రెండు మంచి దారులున్నాయి. బిగ్ యూత్ చేసిన ఐ ప్రే దీ ఒకటి, డిలింజర్ చేసిన ఐ సా ఈ సా మరొకటి. బిగ్ యూత్ గొంతులో బడిపంతులూ పూజారీ కలిసి ఉంటారు. ఉచ్చారణలో ఒక సాగదీత ఉంటుంది, అరుపులోనూ అదుపు ఉంటుంది. డిలింజర్‌ది మాటల ఆట, పేరులోనే సాట్టా అన్న శబ్దంతో పరాచికం వినిపిస్తుంది. పాట భావగంభీరంగా ఉంటేనే ఇష్టపడేవాళ్లు బిగ్ యూత్‌ను తీసుకోండి. రెండు గంభీరమైన పాటల తర్వాత కాస్త ఊపిరి పీల్చుకోవాలనుకునేవాళ్లకు డిలింజర్. రెండూ ఒకే కూర్చోవడంలో వినవద్దు, ఒకదాని పక్కన ఒకటి పెడితే రెండూ పలచబడతాయి.

నాలుగోది అవసరమైతేనే. స్కాటలైట్స్ బృందపు శాక్సఫోన్ విద్వాంసుడు టామీ మెకుక్ పేరు మీద వచ్చిన మండేలా వాయిద్య రూపం. గొంతులు విని విని అలసిన చెవికి హాయిగా ఉంటుంది. మాబ్రాక్ పేరుతో అబిసీనియన్స్ పాత నిబంధన వాక్యాలు చదివిన రూపం, సాట్టా మీ నో బోర్న్ యా అని కాలిన్స్ చేసిన మరో రూపం కూడా ఉన్నాయి. ఇవి ఇప్పటికే సాట్టా ప్రేమికులైనవాళ్లకు. కొత్తవాళ్లు తొందరపడనక్కర్లేదు.

థర్డ్ వరల్డ్ బృందం 1976లో తమ మొదటి ఆల్బమ్‌లో ఇదే పాటను పాడింది. దీన్ని పై వరుసలో చేర్చకపోవడానికి కారణం ఉంది. అది పాటను పాటగా మళ్లీ పాడటం. వరస, మాటలు మూలానివే, వాయిద్యం తమది. టాష్ చేసినది దీనికి తిరగేత: వాయిద్యం మూలానికి నకలు, వరసా మాటలూ పూర్తిగా తనవి. ఈ రెండూ పక్కపక్కన పెట్టి వింటే రిడిమ్ అన్న ఆలోచన ఏ నిర్వచనం కన్నా బాగా అర్థమవుతుంది. సంగీతం నున్నగా, మెరుగుపెట్టినట్టు ఉండాలనే చెవికి థర్డ్ వరల్డే నచ్చవచ్చు కూడా.

రియల్ రాక్: ఆర్గన్ ఇష్టమైనవాళ్లకు

సాట్టా మరీ దిగులుగా తోస్తే రియల్ రాక్ దగ్గరికి రండి. ఇది పుట్టింది కూడా బ్రెంట్‌ఫర్డ్ రోడ్‌లోని అదే స్టూడియో వన్‌లో, 1960ల చివర, అక్కడి ఆస్థాన బృందం సౌండ్ డైమెన్షన్ చేతిలో. మొదట ఇది గొంతులేని వాయిద్య రికార్డు. జాకీ మిట్టూ ఆర్గన్ పొడిపొడిగా పలుకుతుంది, విన్ గోర్డన్ ట్రాంబోన్ దాని మీద బద్ధకంగా ఒళ్లు విరుచుకుంటుంది. సాట్టాలో పాట ముందు పుట్టింది, రిడిమ్ తర్వాత విడివడింది. ఇక్కడ రిడిమే ముందు, పాటలు పదేళ్ల తర్వాత వచ్చి చేరాయి. అందుకని దీనికి ఇదే అసలు పాట అని చెప్పుకోవలసిన భారం లేదు. ఎవరు పాడినా అతిథే.

ఆ అతిథుల్లో విల్లీ విలియమ్స్‌ది మొదటి పీట. 1970ల చివర్లో ఆయన పాడిన ఆర్మగిడియన్ టైమ్ ఆకలి గురించి, న్యాయం దొరకని రాత్రి గురించి. గొంతు హెచ్చదు, ఎవరినీ తిట్టదు. ఇంత చెడ్డ వార్తను ఇంత నెమ్మదిగా చెప్పగలగడమే దాని బలం. ఆ రోజుల్లో పోటీ స్టూడియోలు డాడ్ పాత రిడిమ్‌లనే కొత్తగా వాయించి సొమ్ము చేసుకుంటుంటే, డాడ్ తన పాత టేపుల మీదే కొత్త వాయిద్యాలు అద్ది మళ్లీ బజారులో పెట్టాడు. ఈ పాట ఆ పోరులో పుట్టిన బిడ్డ. దీనికి జంటగా పాపా మిచిగన్, జనరల్ స్మైలీ అన్న ఇద్దరు డీజేలు చేసిన నైస్ అప్ ద డాన్స్ వినండి. అదే బేస్ మీద పండుగ వాతావరణం. ఒకరి మాట అందుకుని మరొకరు ముగించే తీరు బాగుంటుంది. మీ మొగ్గు ఎటు ఉందో తేల్చుకోవడానికి ఈ రెండూ చాలు.

ఇంగ్లండు పంక్ బృందం ద క్లాష్ 1979 డిసెంబరులో లండన్ కాలింగ్ సింగిల్ రెండో వైపు ఆర్మగిడియన్ టైమ్‌ను పాడింది. రాక్ సంగీతం విని పెరిగినవాళ్లకు ఇది సులువైన గుమ్మం. అక్కడి నుంచి లోపలికి రావచ్చు. కానీ అక్కడే ఆగిపోవద్దు. క్లాష్ పాటలో కోపం పైకి వచ్చింది. విలియమ్స్ దాన్ని లోపలే అట్టిపెట్టుకున్నాడు. నాకు రెండోదే ఎక్కువ భయం కలిగిస్తుంది.

స్టూడియో వన్ గురించి ఒక చిన్న మాట. 2004 మే నెల మొదట్లో ఆ వీధికి స్టూడియో వన్ బులెవార్డ్ అని పేరు మార్చారు. ఆ తర్వాత కొద్ది రోజులకే డాడ్ చనిపోయాడు. ఈయన గురించి వాయిద్యకారులు చెప్పుకున్న ఫిర్యాదులు చాలానే ఉన్నాయి. అయినా ఈ వ్యాసంలో వచ్చే మంచి రిడిమ్‌లలో సగం ఆయన గోడల మధ్య పుట్టినవే.

ఫుల్ అప్, స్టాలగ్: ఇంట్లో నలుగురూ కూర్చుని వినాలంటే

ఫుల్ అప్ కూడా సౌండ్ డైమెన్షన్ వాయించినదే. బేస్ మళ్లీ లిరాయ్ సిబుల్స్. మైటీ డైమండ్స్ అన్న ముగ్గురి బృందం 1980ల మొదట్లో నిర్మాత గస్సీ క్లార్క్ దగ్గర దీన్ని కొత్తగా వాయింపజేసి పాస్ ద కౌచీ పాడింది. అది గంజాయి చిలుం చేతులు మారడం గురించిన పాట. మూడు గొంతుల మేళవింపు పట్టులా ఉంటుంది. 1982లో బర్మింగ్‌హామ్‌కు చెందిన బడిపిల్లల బృందం మ్యూజికల్ యూత్ అదే పాటలో చిలుంను వంట కుండగా మార్చి పాస్ ద డచ్చీ అని పాడింది. బ్రిటన్‌లో అది మొదటి స్థానానికి ఎక్కింది. మత్తు పోయింది, ఆకలి వచ్చి చేరింది. పాట చెడలేదు సరికదా, కొన్నిచోట్ల ఇంకా బరువెక్కింది. పిల్లలున్న ఇంట్లో ఏది వేయాలో వేరే చెప్పనక్కర్లేదు. గానకళ కోసం వినేటప్పుడు మాత్రం డైమండ్స్‌నే ఎంచుకోండి. ఈ రిడిమ్‌కు ఈ రెండు పాటలు చాలని నా ఉద్దేశం. ఇంకా లోతుకు పోతే దక్కేది తక్కువ.

స్టాలగ్ అనే రిడిమ్ రూట్స్ అని పిలిచే 1970ల భక్తి, నిరసనల రెగేకూ ఆ తర్వాత వచ్చిన, డీజేలదే పైచేయి అయిన డాన్స్‌హాల్‌కూ మధ్య వంతెన. 1973లో ఆన్సెల్ కాలిన్స్ కీబోర్డుతో, విన్‌స్టన్ రైలీ నిర్మాణంలో వచ్చిన వాయిద్య రికార్డు ఇది. ఒక హాలీవుడ్ సినిమా పేరు పెట్టుకుంది. దీని బేస్ సాట్టా లాగా ఆగదు, పట్టుకుని తోస్తుంది. ఇక్కడ ఎంపిక సిస్టర్ నాన్సీ, టెనర్ సా మధ్య. నాన్సీ 1982లో చేసిన బామ్ బామ్‌ను మీరు ఇప్పటికే ఎక్కడో విని ఉంటారు. సినిమాల్లో, ప్రకటనల్లో, అమెరికన్ ర్యాప్ పాటల్లో అది ముక్కలు ముక్కలుగా తిరుగుతూనే ఉంది. మగ డీజేలు కిక్కిరిసిన చోట ఒక ఆడ గొంతు అంత తాపీగా నిలబడటం అప్పట్లో అరుదు. ఇన్ని చోట్ల మోగిన ఆ పాటకు ఆమె చేతికి డబ్బు అందడానికి మాత్రం మూడు దశాబ్దాలు పట్టింది. టెనర్ సా 1985లో పాడిన రింగ్ ద అలారమ్ రెండు సౌండ్ సిస్టమ్‌ల పోటీ గురించిన పాట. గొంతు శ్రుతికి కాస్త పక్కగా, ఏడుపుకూ పాటకూ మధ్య ఎక్కడో తేలుతుంది. కొందరికి అదే అతుక్కుపోతుంది, కొందరు ముఖం చిట్లిస్తారు. మొదటిసారి వినేవాళ్లు నాన్సీతో వెళ్లడం క్షేమం. నాకు మటుకు సా గొంతే ఎక్కువ కాలం గుర్తుంటుంది.

ఒకే రిడిమ్‌తో నిండిన ఆల్బమ్ కొనాలా?

విడి పాటలు వెతుక్కునే ఓపిక లేనివాళ్లకు ఒకే రిడిమ్ మీద మొత్తం ఆల్బమ్ దొరుకుతుంది కదా అన్న ఆశ పుడుతుంది. ఈ రకంలో మొదటిదిగా చెప్పే ఆల్బమ్ 1974లో రూపీ ఎడ్వర్డ్స్ తెచ్చిన యమహా స్కాంక్. స్లిమ్ స్మిత్, యూనిక్స్ బృందం 1968లో పాడిన మై కాన్వర్సేషన్ రిడిమే దాని నిండా ఉంటుంది. వేరే రిడిమ్ మీద ఎడ్వర్డ్స్ స్వయంగా చేసిన ఐరీ ఫీలింగ్స్ ఆ ఏడాది బ్రిటన్‌లో మొదటి పది పాటల్లోకి వెళ్లింది. చరిత్ర దృష్ట్యా ఈ ఆల్బమ్‌కు విలువ ఉంది. కూర్చుని ఒక్క బిగిన వినడానికి మాత్రం కష్టం. దాని మూలమైన మై కాన్వర్సేషన్‌ను, ఐరీ ఫీలింగ్స్‌ను విడిగా వినండి. మొదటిది ప్రేమ పాట, రెండోది దాదాపు అర్థంలేని శబ్దాల ఉల్లాసం. ఆల్బమ్‌లోని మిగతావి తీరిక ఉంటేనే.

మాంచెస్టర్‌కు చెందిన బ్లడ్ అండ్ ఫైర్ సంస్థ 2000ల మొదటి దశకంలో ఇలాంటివే రెండు తెచ్చింది. సాట్టా పాత రిడిమ్ మీద గాయకులతో కొత్తగా పాడించిన ట్రీ ఆఫ్ సాట్టా ఒకటి. కాంగోస్ బృందపు ఫిషర్‌మన్ రిడిమ్ మీద రెండు డిస్కుల ఫిషర్‌మన్ స్టైల్ మరొకటి. రెండిట్లో ఒకటే కొనాలంటే నేను రెండోదాని వైపు మొగ్గుతాను. ఫిషర్‌మన్ పుట్టింది నిర్మాత లీ పెర్రీ తన ఇంటి పెరట్లో కట్టుకున్న బ్లాక్ ఆర్క్ స్టూడియోలో. 1977 నాటి హార్ట్ ఆఫ్ ద కాంగోస్ ఆల్బమ్ మొదలయ్యేదే ఈ పాటతో. పెర్రీ ఉన్న కొద్దిపాటి ట్రాకుల మీద ధ్వనిపై ధ్వని పేర్చుకుంటూ పోయేవాడు. అందుకని ఆ రిడిమ్ నీటిలోంచి వినిపిస్తున్నట్టు ఉంటుంది, ఎన్నిసార్లు విన్నా అడుగు తేలదు. రెండు డిస్కుల నిండా అదే ఉన్నా తట్టుకోగలగడానికి కారణం ఈ లోతే. సాట్టాను అభిమానించే నేనే ట్రీ ఆఫ్ సాట్టాను రెండో స్థానంలో పెట్టడం వింతగా అనిపించవచ్చు. సాట్టా మీద గొప్ప గొంతులన్నీ 1970ల్లోనే పలికేశాయి, తర్వాత వచ్చినవాళ్లకు మిగిలింది భక్తి. ఫిషర్‌మన్ విషయంలో మూలం తప్ప పోటీ పెద్దగా లేదు.

అయితే ఫిషర్‌మన్ స్టైల్ కన్నా ముందు హార్ట్ ఆఫ్ ద కాంగోస్‌లోని మూలం వినడం తప్పనిసరి. సెడ్రిక్ మైటన్ ఆకాశంలోంచి దిగే సన్నని గొంతు, రాయ్‌డెల్ జాన్సన్ మధ్యమ గొంతు, అడుగున వాటీ బర్నెట్ గంభీర స్వరం. పేద జాలరి, ఆకలిగా ఎదురుచూసే పిల్లలు, పడవ. ఇది తలలో నాటుకుంటేనే మిగతావాళ్లు దాన్ని ఎటు లాగుతున్నారో తెలుస్తుంది. పదిహేను రూపాలు విన్నాక మూలం వింటే అది కూడా మరో రూపంగా మిగిలిపోతుంది.

వినే పనిముట్టు, వెతికే పద్ధతి

ఫోను స్పీకరులో ఈ సంగీతం వినవద్దు. ఫోను బేస్‌ను పలికించలేదు, బేస్ లేకపోతే రిడిమే లేదు. మిగిలిన ఎదురు దెబ్బ చప్పుడు చెవిలో టిక్కుటిక్కుమని కొట్టి విసుగు తెప్పిస్తుంది. అన్ని పాటలూ ఒకేలా ఉన్నాయన్న ఫిర్యాదు చాలాసార్లు ఇక్కడే పుడుతుంది. చెవిలో సరిగ్గా పట్టే మామూలు ఇయర్‌ఫోన్లు చాలు. ఇంట్లో పెద్ద స్పీకర్లు ఉంటే గదికి ఆ చివర నిలబడి వినండి, ఈ రికార్డులు ఆరుబయట జనం నడుమ మోగడానికి పుట్టినవి.

ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు పాట పేరును మాత్రమే నమ్ముకోవద్దు. జమైకా గాయకులు తమ పెద్ద పాటలను దశాబ్దాల తర్వాత మళ్లీ మళ్లీ రికార్డు చేశారు. కంప్యూటర్ వాయిద్యాలతో చేసిన పేలవమైన నకళ్లు మూలం పేరుతోనే తిరుగుతుంటాయి. పక్కన చూపించే సంవత్సరం కూడా ఎక్కువసార్లు మళ్లీ విడుదలైన ఏడాదే. లేబుల్ పేరు చూడండి: సాట్టాకు క్లించ్ లేదా స్టూడియో వన్, విల్లీ విలియమ్స్‌కు స్టూడియో వన్, స్టాలగ్‌కు టెక్నిక్స్. మొదటి పది క్షణాల్లో డ్రమ్ములు మరీ శుభ్రంగా, కొత్తగా మెరుస్తుంటే అనుమానించండి.

రికార్డు ప్లేయరు ఉన్నవాళ్లకు చివరి మాట. జమైకాలో ముద్రించిన ఏడంగుళాల సింగిళ్ల నడుమ రంధ్రం పెద్దది, అడాప్టరు లేకుండా ప్లేయరు మీద నిలవదు. ముద్రణ నాణ్యత కూడా ఏకరీతిగా ఉండదు, కొత్త రికార్డులోనే చిటపటలు వినిపించవచ్చు. పాత క్లించ్ సింగిల్ కోసం పెద్ద మొత్తం పెట్టేముందు పునర్ముద్రణ దొరుకుతుందేమో చూడండి. ఏది కొన్నా మొదటి వైపు అయిపోగానే తీసేయవద్దు, తిప్పి వెర్షన్ వైపు కూడా వేయండి. గొంతులేని ఆ మూడు నిమిషాల్లో మీరే ఏదో కూనిరాగం తీయడం మొదలుపెడితే, ఆ రిడిమ్ మీకు కుదిరినట్టే.